పటం మీద ఐదు కిలోమీటర్లు

ఐర్లండులోని నేవన్ ఊళ్లో నాలుగేళ్లు కాపురం చేసి కూడా చుట్టుపక్కల కోటల్లో ఒక్కదాన్నీ సరిగ్గా చూడని మనిషిని నేను. మీత్ కౌంటీలో కోటలకూ పాడుబడ్డ మఠాలకూ రాజుల సమాధులకూ కొదవ లేదు. ఏ రోడ్డు మీద పది నిమిషాలు కారు నడిపినా గోధుమరంగు బోర్డు ఒకటి ఎదురై ఇటు తిరగమని చెబుతుంది. నేను తిరగలేదు. శనివారం సరుకులు, ఆదివారం బట్టలు, మిగతా రోజులు ఆఫీసు. వేల ఏళ్ల నుంచి ఉన్న రాళ్లు వచ్చేవారానికి ఎక్కడికి పోతాయిలే అనుకునేదాన్ని.

2020 ఫిబ్రవరిలో మా మామయ్యగారు వచ్చారు. తొంభై రోజుల వీసా. అత్తయ్య మా ఆడపడుచుకు పురుడు పోయడానికి ఒంగోల్లోనే ఆగిపోవడంతో ఆయన ఒక్కరే విమానమెక్కారు. సర్వే డిపార్ట్‌మెంటులో గొలుసు లాగే పనితో మొదలై మండల సర్వేయరుగా రిటైరైన మనిషి. ముప్ఫై రెండేళ్లు జనం పొలాలు కొలిచారు. నా పెళ్లయి ఆరేళ్లయినా మేమిద్దరం మాట్లాడుకున్న మాటలన్నీ కలిపితే ఒక పేజీ నిండదు. బాగున్నావా అమ్మాయ్ అంటే బాగున్నాను మామయ్యగారూ అనడం, అంతటితో సరి.

వచ్చిన మూడోరోజే టౌన్‌లో లైబ్రరీ దాకా నడిచి వెళ్లి ఒక రంగుల కాగితం తెచ్చుకున్నారు. అందులో టారా కొండ గురించి ఉంది. పూర్వం ఐర్లండ్ రాజులకు పట్టం కట్టిన చోటట. మబ్బు లేని రోజు ఆ కొండ మీద నిలబడితే సగం దేశం కనిపిస్తుందని రాశారు. ఆ వాక్యం కింద పెన్సిల్‌తో గీత గీసి నా చేతికిచ్చారు.

"ఇది ఒక్కటి చూపియ్యమ్మాయ్. ఇంకేం అడగను" అన్నారు.

నిజంగానే ఇంకేం అడగలేదు. ఉప్పు తక్కువైనా అడగలేదు. ఆ కొండ మా ఇంటికి కారులో పావుగంట దూరం. చెప్పుకుంటే సిగ్గుచేటు. మొదటి శనివారం తుఫాను, కారు తలుపు తెరిస్తే ఊడి చేతికొచ్చేంత గాలి. రెండో శనివారం ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజు ఉందని లాప్‌టాప్ ముందు కూర్చున్నాను. మూడో శనివారం వానా లేదు, రిలీజూ లేదు. నాకు నిద్రొచ్చింది. పొద్దున ఆయన బూట్లు తొడుక్కుని సోఫాలో కూర్చుని ఉంటే, వచ్చేవారం తప్పకుండా వెళ్దాం మామయ్యగారూ అని చెప్పి దుప్పటి కప్పుకున్నాను. అలాగేనమ్మా అని ఆయన బూట్లు విప్పుకున్నారు. ఆ వచ్చేవారం కరోనా అని స్కూళ్లు మూశారు. మార్చి ఆఖరుకల్లా దేశమంతా మూశారు.

అవసరం లేకుండా ఇంట్లోంచి కదలకూడదు, ఒళ్లు కదిలించుకోవడానికి అయితే ఇంటి నుంచి రెండు కిలోమీటర్ల లోపలే నడవాలి అన్నారు. ఫిబ్రవరి అంతా కుండపోతగా కురిసిన ఆకాశం అప్పటి నుంచి నీలంగా మెరుస్తూ కూర్చుంది. ఐర్లండులో అన్ని ఎండ రోజులు వరసగా నేనెన్నడూ చూడలేదు. పొద్దున్నే కర్టెన్ తీయగానే ఆ ఎండ చూసి ఒళ్లు మండిపోయేది.

మా ఆయన వైద్య పరికరాల ఫ్యాక్టరీలో ఇంజినీరు. వెంటిలేటర్లకు కావలసిన భాగాలు చేస్తున్నారని అందరూ ఇంట్లో ఉంటే ఆయన మాత్రం పన్నెండేసి గంటల షిఫ్టులకు వెళ్లేవారు. తిరిగి రాగానే స్నానం చేసి, తండ్రికి ఎక్కడ అంటుకుంటుందోనని పై గదిలో తలుపు వేసుకుని పడుకునేవారు. నేను అన్నిటికన్నా చిన్నగదిలో ఇస్త్రీబల్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని మీటింగుల్లో ఉండేదాన్ని. సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. ఇంకొకరు చేసిన దాంట్లో తప్పులు పట్టడం నా ఉద్యోగం. మిగిలింది కింద హాల్లో మామయ్యగారు. ఆయనకు నేను, నాకు ఆయన, మధ్యలో మెట్లు.

నాలుగైదు రోజులు ఓపిక పట్టి, ఆయన నన్ను ఒక పటం అడిగారు. షాపులు మూసి ఉన్నాయి, ఇంటర్నెట్‌లోంచి ప్రింటు తీసిచ్చాను. కుట్టుదారం ముక్కకు పెన్సిల్ కట్టి, పటం అడుగునున్న స్కేలు గీత మీద దారాన్ని కొలిచి, మా ఇంటి మీద బొటనవేలు ఆనించి చుట్టూ గుండ్రంగా గీశారు. ఆ గుండ్రంలో రెండు సూపర్‌మార్కెట్లు, ఒక శ్మశానం, ఆటల మైదానం, కార్లు చుట్టూ తిరిగి పోయే రౌండబౌట్లు లెక్కలేనన్ని వచ్చాయి. చూడదగ్గవన్నీ బయటే ఉన్నాయి, ఊరి చివర నది అవతల ఉన్న ఒక్క పాడుబడ్డ కోట తప్ప.

గీత గీసి ఊరుకునే మనిషి కాదాయన. వంటగది అల్మరాలో నేను దాచిన శనగల డబ్బా తీసి, గుప్పెడు గింజలు కుడిజేబులో పోసుకున్నారు. ఆయన అంగ సరిగ్గా రెండున్నర అడుగులు, ఉద్యోగమంతా అలాగే నడిచి కాళ్లకు పట్టేసింది. వంద అంగలకొక గింజ కుడిజేబులోంచి ఎడమజేబులోకి మారుతుంది. ఇరవై ఆరు గింజలు మారితే రెండు కిలోమీటర్లు. ఇరవై ఆరో గింజ దగ్గర, అది పేవ్‌మెంట్ నడిమధ్యయినా, ఎవరి గేటు ముందైనా సరే, పరేడ్‌లో సిపాయిలా వెనక్కి తిరిగేవారు. రోడ్డు వంకర్లు తిరుగుతుంది కదా మామయ్యగారూ, పటం మీద చూస్తే మనమింకా గుండ్రం లోపలే ఉన్నాం అని నేను వాదించేదాన్ని. అనుమానం ఉన్నచోట తక్కువే వేసుకోవాలనేది ఆయన పద్ధతి. పదంగల దూరంలో నది మలుపు ఉంటే, అది చూడకుండా వెనక్కి నడిచిన రోజులున్నాయి.

ఇక ఆ కోట. పదహారు గింజల దూరం. పై కప్పు లేదు, కిటికీలకు ఆకాశం తప్ప ఏమీ లేదు, ఇనప గేటుకు తాళం. ఏప్రిల్ అంతా నా లంచ్ టైములో ఆ గేటు దాకా నడిచి, ఊచల మధ్య నుంచి ఆ గోడలు చూసి తిరిగొచ్చాం. మొదటి రోజు బాగుందనుకున్నాను. నాలుగో రోజుకు ఆ కోట మొహం చూడబుద్ధి కాలేదు. ఆయన మాత్రం రోజూ కొత్తగా వచ్చినట్టే కళ్లు చికిలించి గోడ నీడను చూసేవారు, ఎత్తు లెక్కకట్టేవారు, చిన్న నోట్‌బుక్కులో ఏదో రాసుకునేవారు. నాకు చెవిలో మేనేజరు గొంతు. మ్యూట్ తీసి యెస్, యెస్ అని మళ్లీ మ్యూట్ నొక్కేదాన్ని. ఒకసారి ఆయన నావైపు తిరిగి ఏదో చూపించబోయి, చెవిలో ఇయర్‌ఫోన్ చూసి చెయ్యి దించేశారు. అప్పుడు నేను విసుగ్గానే ఉన్నాను, ఆ చెయ్యి గురించి ఆలోచించలేదు.

మే మొదట్లో రెండును ఐదు చేశారు. ఆయన కొత్త పటం అడిగి కొత్త గుండ్రం గీశారు. నేను మొదట చూసింది టారా కొండ వైపే. బయట. కొంచెం బయట కాదు, ఇంకో అంత దూరం బయట. తొమ్మిదిన్నర, అన్నారాయన దారం చుట్టుకుంటూ. ఆ గొంతులో బాధలాంటిదేమీ లేదు, కొలత చెప్పారంతే. అదే నాకు ఇంకా చిరాకు తెప్పించింది.

దొరికినవాటితో సరిపెట్టుకుందామని ఆదివారాలు కారు తీశాను. స్లేన్ రోడ్డులో సమాధుల మధ్య ఒక గుండ్రటి రాతి గోపురం ఉంది, దాని తలుపు మనిషికి అందనంత ఎత్తులో ఉంటుంది. పూర్వం దొంగలొస్తే సన్యాసులు నిచ్చెన వేసుకుని ఎక్కి, దాన్ని పైకి లాగేసుకునేవారని బోర్డు మీద రాశారు. వాళ్ల లాక్‌డౌన్ అన్నమాట అని నేనంటే ఆయన నవ్వారు. ఆయన నవ్వడం అప్పుడే మొదటిసారి చూశానేమో.

ఇంకో ఆదివారం, నది ఒడ్డున ఎత్తు మీద ఉన్న పాత చర్చి దగ్గర్నుంచి అవతలి గట్టు మీది కోట బ్రహ్మాండంగా కనిపిస్తుందని ఎవరో ఫోటో పెడితే వెళ్లాం. సన్నటి రోడ్డు, రెండుపక్కలా ఆరడుగుల ఎత్తు పొదల గట్లు. ఈ దేశంలో అందమంతా ఆ పొదల వెనకాలే ఉంటుంది. ఎక్కడ కారు ఆపినా పొదే. నేను స్టీరింగ్ మీద చెయ్యి చరిచి తిట్టుకుంటుంటే ఆయన కిటికీలోంచి మెచ్చుకోలుగా చూస్తున్నారు. రాయి పాతితే ఎవడో ఒకడు దాన్ని జరుపుతాడు, పెరిగిన చెట్టును ఎట్టా జరుపుతాడు, ఇక్కడి సర్వేయర్లు సుఖపడి ఉంటారని ఆయన తీర్మానం. చివరికి చర్చి దొరికింది. దాని గోడ మీద కూర్చుని ఫ్లాస్కు మూత తీయబోతే జారి టీ అంతా పటం మీద పడింది. గుండ్రం అలుక్కుపోయింది. ఇంటికెళ్లాక ఇంకోటి తీసిస్తానులెండి అన్నాను.

అది తీసివ్వడానికి ముందే ఎంబసీ నుంచి మెయిల్ వచ్చింది. విమానాలు ఆగి, వీసాలు పొడిగించుకుని ఇక్కడ చిక్కుకుపోయినవాళ్లను తీసుకెళ్లే విమానంలో ఆయనకు సీటు దొరికింది. జూన్ మొదటి వారం, గురువారం. ప్రభుత్వం ఐదును ఇరవై చేస్తానన్నది ఆ తర్వాతి సోమవారం. నాలుగు రోజుల తేడా. మెయిల్ మూడుసార్లు చదివాను. ఇంకో విమానం ఎప్పుడుంటుందో ఎవరికీ తెలియదు, ఆడపడుచుకు బిడ్డ పుట్టి నెలన్నర దాటింది, అత్తయ్య అక్కడ ఒంటిచేత్తో చేసుకుంటున్నారు. వద్దనడానికి లేదు.

ఆ సాయంత్రం ఆయన పెట్టె సర్దుకుంటుంటే గుమ్మంలో నిలబడి, ఆదివారం టారాకి వెళ్దాం, ఎవరాపుతారో చూద్దాం అన్నాను. కుదరదమ్మాయ్ అన్నారు. ఖాళీ కొండ మీద గాలి పీల్చుకుంటే ఎవరికి అంటుకుంటుందని అడిగాను. అంటుకోదు, అయినా అది గీత అవతల అన్నారు. గీత మనం గీసిందేగా అన్నాను, కోపం ఆపుకోలేక.

"గీసింది నేనే. అందుకనే కుదరదు" అన్నారు.

ఆయన సంగతి నాకు తెలియనిది కాదు. ఒకసారి ఎవరో పెద్దమనిషి, తన తోట పక్కనున్న పోరంబోకు తన సర్వే నంబరులోకి వచ్చేలా పటంలో గీతను కాస్త జరపమంటే ఈయన జరపలేదు. ఆ ఏడాదే బదిలీ చేశారు. అక్కడ ఇంకొకరు అడిగారు, మళ్లీ బదిలీ. మా ఆయన ఈ కథను గొప్పగా చెప్పరు. నాన్న గీత జరపకపోతే మేం ఆరు స్కూళ్లు జరిగాం అంటారు. నేను ఆదివారం సంగతి ఎత్తితే ఆయనా తండ్రి పక్షమే తీసుకున్నారు, కారణం వేరు. మా సిటిజన్‌షిప్ అప్లికేషన్ పెట్టి ఎనిమిది నెలలైంది. గార్డులు, అంటే ఇక్కడి పోలీసులు, ఒక్కసారి పేరు రాసుకున్నా ఆ ఫైలు మూలన పడుతుందని మా తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో అందరి భయం. నిజమో కాదో ఎవరికీ తెలియదు.

"ఓ దిబ్బ కోసం ఫైలు పాడు చేసుకుంటామా? వీడియోలో చూపిద్దాంలే" అన్నారు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మూడు నెలలు ఒకే ఇంట్లో ఉండి, ఒకే ఒక్క కోరిక కోరిన మనిషిని, నా నిద్ర కోసం నేనే కూర్చోబెట్టాను. ఇప్పుడు అందరూ నిబంధనలు చెబుతున్నారు. వాళ్లు చెప్పేది న్యాయమే కావడంతో నాకు తిట్టడానికి కూడా ఎవరూ మిగల్లేదు.

శనివారం మధ్యాహ్నం లాప్‌టాప్ ముందు కూర్చుని ఆ పని చేశాను. పటం తెరిచి, అడుగునున్న స్కేలు గీత కింది అంకెలు చెరిపి, సగానికి సగం చేసి మళ్లీ రాశాను. అదే అక్షరాల సైజు, అదే రంగు. రెండు ఒకటైంది, పది ఐదైంది. తొమ్మిదిన్నర కిలోమీటర్ల కొండ నాలుగు ముప్పావుకొచ్చి కూర్చుంది. ప్రింటు తీసి, వెలుతురులో పట్టుకుని చూశాను. నా టీములో ఎవరైనా ఇంత శుభ్రంగా పని చేస్తే మెచ్చుకునేదాన్ని.

కిందికి తీసుకెళ్లి, పాత పటం తప్పు మామయ్యగారూ అన్నాను. కాగితానికి సరిపెట్టడానికి ప్రింటరు దాన్ని సాగదీసింది, అందుకే కొండ దూరంగా కనిపించింది, ఇది అసలైనది అన్నాను. ఒక్క గుక్కలో చెప్పేశాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని పటం బల్ల మీద పరిచి చాలాసేపు చూశారు. స్కేలు గీత మీద వేలు పెట్టారు, తీశారు. మా ఇంటిని చూశారు, నది చూశారు. తర్వాత దారం తెప్పించుకుని కొత్త అంకెల ప్రకారమే కొలిచి గుండ్రం గీశారు. గోరంత తేడాతో కొండ లోపలికొచ్చింది.

"అబ్బాయికి చెప్పావా?" అని అడిగారు.

ఐదు లోపలేగా, చెప్పడానికేముంది అన్నాను. ఆయన దారాన్ని పెన్సిల్ చుట్టూ తిప్పి తిప్పి చుట్టి, సరే పోదాం అన్నారు. నేను గెలిచానని మెట్లు రెండేసి ఎక్కి పైకి పోయాను.

ఆదివారం మా ఆయన షిఫ్టుకు వెళ్లగానే బయల్దేరాం. మామయ్యగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, పైన స్వెటర్ వేసుకుని, తల నున్నగా దువ్వుకుని వచ్చారు. శనగలు జేబులో వేసుకోలేదు, కారులోనేగా అనుకున్నాను. దూరం పాటించాలని వెనకసీట్లో కూర్చునేవారు, అలాగే కూర్చున్నారు. పులిహోర డబ్బా ఆయన పక్కన, పటం నా పక్కసీట్లో. ఆకాశంలో మచ్చుకైనా మబ్బు లేదు. సగం దేశమేమిటి, మొత్తం కనపడేలా ఉంది.

ఊరు దాటాక పాతరోడ్డు ఖాళీగా ఉంది. నేను ఎక్కువ మాట్లాడాను. కొండ మీద రాజులు ప్రమాణం చేసే రాయి ఒకటి ఉందట, సరైన రాజు కాలు పెడితే అరుస్తుందట అని నెట్‌లో చదివింది చెప్పాను. ఆయన ఊఁ కొట్టారు. దూరంగా పచ్చటి ఎత్తు ఒకటి కనిపించింది. అదేననుకుంటా మామయ్యగారూ, మనవైపు దీన్ని కొండ అనరు కదా అన్నాను. ఆయన రెండు సీట్ల మధ్యకు వంగి చూశారు. అద్దంలో ఆయన మొహం కనిపించింది, చిన్నపిల్లాడు బస్సు ముందుసీట్లోంచి చూస్తున్నట్టుంది.

మలుపు తిరగ్గానే రోడ్డుకడ్డంగా ఆరెంజ్ కోన్లు, పసుపు కోటు వేసుకున్న గార్డు.

అద్దం సగం దించాను. యాభై దాటిన మనిషి, మర్యాదగానే అడిగాడు, ఎక్కడి నుంచి, ఎక్కడికి అని. నేవన్ నుంచి అన్నాను, ఊరికే నడవడానికి, ఐదు కిలోమీటర్ల లోపలే అన్నాను. ఎంత దూరం వచ్చారో తెలుసా అన్నాడు. తెలుసు అంటూ పక్కసీట్లోని పటం అందుకున్నాను. నిజంగా చూపించబోయాను. నా చేత్తో నేను అంకెలు మార్చిన కాగితాన్ని పోలీసు చేతికివ్వబోయాను. ఫైలు, మా ఆయన, వాట్సాప్ గ్రూపు, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చి కాగితాన్ని మళ్లీ సీట్లో పడేశాను. పేరేమిటని అతను అడుగుతున్నాడు.

అప్పుడు వెనక అద్దం దిగింది.

"సర్, ఐ యామ్ రిటైర్డ్ సర్వేయర్. డిస్టెన్స్ ఈజ్ నైన్ అండ్ హాఫ్ కిలోమీటర్స్. నాట్ ఫైవ్. ఐ మెజర్డ్ రాంగ్. షీ బిలీవ్డ్ మీ. ప్లీజ్ రైట్ మై నేమ్ ఓన్లీ."

చేతులు రెండూ మోకాళ్ల మీద పెట్టుకుని, పై అధికారి ముందు కూర్చున్నట్టు నిటారుగా కూర్చుని చెప్పారు. అనుమానమున్న ప్రతిచోటా తక్కువే వేసుకుని, పదంగల దూరంలోని నదిని వదిలేసి వెనక్కి నడిచిన మనిషి, తొమ్మిదిన్నరను ఐదుగా కొలిచానని ఎవరో ముక్కూమొహం తెలియని పోలీసుకు ఒప్పుకుంటున్నారు.

గార్డు ఆయన వైపు చూశాడు, ఇస్త్రీ చొక్కా చూశాడు, పులిహోర డబ్బా చూశాడు. పుస్తకం తీయలేదు, పేరు రాయలేదు. "యూ ఆర్ గ్రాండ్" అన్నాడు, ఫరవాలేదులే అనడానికి ఇక్కడివాళ్ల మాట అది. కారు తిప్పుకుని పెద్దాయన్ను ఇంటికి తీసుకెళ్లమన్నాడు. కొండ ఎక్కడికీ పోదు, వారం ఆగి రండి అని నవ్వాడు. ఈయన గురువారం వెళ్లిపోతున్నారని చెబుదామనుకున్నాను. అద్దం ఎత్తేశాను.

కారు తిప్పాను. అద్దంలో ఆ పచ్చటి ఎత్తు కాసేపు కనిపించి, పొదల వెనక్కి పోయింది. నాలుగైదు మలుపులయ్యాక ఇక ఉండబట్టలేక అడిగాను.

"మీకు ముందే తెలుసా?"

"ప్రింటరు పటాన్ని సాగదీస్తే, స్కేలు కూడా దాంతోపాటే సాగుద్దిగా అమ్మాయ్" అన్నారు నెమ్మదిగా. "పదహారు గింజల కోట నీ పటంలో ఎనిమిదికొచ్చింది."

ఏప్రిల్ అంతా నేను ఆయన పక్కనే నడిచిన దూరం అది. తప్పులు పట్టి జీతం తీసుకునే దాన్ని, అది తట్టలేదు. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. తెలిసి ఎందుకొచ్చారు, తెలిసి ఆ పోలీసుతో అలా ఎందుకన్నారు అని అడిగాను. అడిగినట్టు లేదు, అరిచినట్టే ఉంది. నాకు ఆయన మీద కోపమా, నా మీదా, ఆ ఎండ మీదా అన్నది కూడా తెలియలేదు.

ఊరి బోర్డు వచ్చింది, ఆటల మైదానం వచ్చింది.

"నేను గురువారం పోయేవాణ్ణి, నా పేరు రాసుకుంటే వాళ్లకేమొచ్చిద్ది" అన్నారు. కిటికీ వైపు తిరిగి మళ్లీ అన్నారు. "పటం మార్చమని నా దగ్గరికి చానామంది వచ్చారమ్మాయ్. అందరూ వాళ్ల కోసమే. నా కోసమని మార్చింది నువ్వొక్కదానివే."

మా ఇళ్ల కాలనీ ముందు పెద్ద రౌండబౌట్ ఉంది. రోజూ తిరిగేదే. కళ్లు నిండిపోయి దారి కనపడక, తిరగాల్సిన చోట తిరగకుండా దాని చుట్టూ ఒకసారి తిరిగాను, మళ్లీ తిరిగాను. వెనక ఎవరో హారన్ కొట్టారు. మూడోసారి కూడా దాటిపోతుంటే, ఆయన ముందుకు వంగి నా భుజం మీద చెయ్యి వేశారు.

"ఎడమచేతి వైపమ్మా, మనిల్లు" అన్నారు.